ఎడమకు వాలిన మల్లె

సికింద్రాబాదు, రెజిమెంటల్ బజార్
14 మార్చి 1948

తమ్ముడు సదాశివకు,

జైతున్ అక్క దువాలు. ఉత్తరంలో ముందు క్షేమసమాచారాలు రాయాలని మిషన్ బడిలో మా టీచరమ్మ నేర్పింది గాని, నాకు ముందు నిన్ను తిట్టాలని ఉంది. తెరలకు పూసే మట్టి కోసం అబ్బాజాన్, నేను కాప్రా చెరువుకు పోయి మూడు రోజులకు తిరిగొచ్చేసరికి నువ్వు మూట కట్టుకుని నిలబడ్డావు. "అమ్మ భయపడుతోంది, బెజవాడలో చిన్నమ్మ ఇంటికి పోతున్నాం" అన్నావు, అంతే. పదకొండేళ్లు మా దుకాణంలో రంగులు కలిపినవాడివి, ఒక్క పూట ఆగి మా ఇంట్లో ముద్ద తినిపోతే ఏం పోయేది? మొహం కూడా సరిగ్గా చూపించలేదు.

ఈ రోజు గల్లీ నుమాయిష్ జరగాల్సిన ఆదివారం. ఏటా ఈపాటికి మన గల్లీ పొడుగునా తాళ్లు కట్టి ఉండేవి. బోర్డులు రాసేవాళ్లు, తెరలు వేసేవాళ్లు, కాగితం పూలు చేసేవాళ్లు ఎవరి పని వాళ్లు వేలాడదీసుకుంటే బజారంతా వచ్చి చూసేది. ఈసారి ఒక్క తాడు కట్టలేదు. పది మంది ఒకచోట చేరితే ఎవరికి ఏ అనుమానం వస్తుందోనని అందరికీ భయం. నీ కర్మ చూడు, ఈ నుమాయిష్‌లోనే నీకు సొంత గుర్తు ఇవ్వాలని అబ్బాజాన్ అనుకున్నారు. ఇక ముందు నీ పని కింద మూలన ఆయన మల్లెపువ్వు కాకుండా నీ గుర్తే ఉండేది. నీకు చెప్పొద్దన్నారు గాని ఇప్పుడు చెబితే తప్పేముంది? ఏడ్చుకో.

నిజం చెప్పాలంటే నీకు సొంత గుర్తు రావడమే మంచిది. నీ ఎడమచేతి వాటానికి, నువ్వు ఉస్తాద్ అని పిలిచే అబ్బాజాన్ మల్లె ఎన్నేళ్లైనా పట్టుబడలేదు. ఆయన వేస్తే రేకులు కుడికి వాలుతాయి, నువ్వు వేస్తే ఎడమకు. ఉర్దూ అక్షరాలు మాత్రం నీ అంత బాగా గల్లీలో ఎవరూ రాయరు. కుడి నుంచి ఎడమకు రాసే లిపికి నీ చెయ్యే సరిపోయిందని అబ్బాజాన్ మురిసిపోయేవారు.

రజాకార్లు తమ ఆఫీసుకు బట్ట బోర్డు రాయమని రెండుసార్లు వచ్చినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు కదా. "సైను బోర్డు రాస్త, నాటకం తెర రాస్త, మీ జెండా మాత్రం నా చెయ్యి రాయది" అని అబ్బాజాన్ అన్నప్పుడు నేను తలుపు చాటు నుంచి చూస్తూ అల్లాను తలుచుకున్నాను. మేం కాప్రా నుంచి వచ్చాక వాళ్లు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు. ఇంకెవరో దొరికి ఉంటారని అబ్బాజాన్ అంటారు.

వీరయ్య నాటక సమాజానికి నువ్వు మొదలుపెట్టిన అడవి తెర సగంలోనే వేలాడుతోంది. ఉత్తరం టపాలో వేయడం లేదు, విప్పి చదువుతున్నారట. రైలింజన్లో బొగ్గు వేసే దేవసహాయం మామ చేతికిస్తున్నాను. మీ అమ్మ అనసూయమ్మత్తకు నా సలాం చెప్పు.

జైతున్


బెజవాడ
9 ఏప్రిల్ 1948

జైతున్ అక్కకు,

నీ తిట్లు బొగ్గు మరకలతో సహా క్షేమంగా అందాయి. తిట్టు, నాకు హక్కుగా రావలసినవే అవి.

ఇక్కడ ఒక నాటక కంపెనీలో తెరలు వేసే పని దొరికింది. ఎండకు రంగు గిన్నెలోనే ఎండిపోతోంది. ఉర్దూ రాయమనే వాడు ఒక్కడూ లేడు, తెలుగు రాస్తే నా ఎడమ చెయ్యి అప్పుడే రాసిన అక్షరం మీదే పాకి తుడిచేస్తోంది. కంపెనీ యజమాని మంచివాడే గాని నోరు పెద్దది. నేను నిజాం ఇలాకా నుంచి వచ్చానని తెలిసినప్పటి నుంచి "రజాకార్లకు ఎదురు తిరిగి కుంచె విసిరికొట్టి వచ్చిన కుర్రాడు" అని ఊరంతా చెబుతున్నాడు. ఉస్తాద్ సంగతి నేనేదో చెబితే అది నాకు అంటగట్టాడు. కాదని చెప్పబోతే ఎవరూ వినలేదు.

సొంత గుర్తు సంగతి చదివాక రెండు రోజులు నాకు పని సాగలేదు.

రజాకార్లు మళ్లీ వచ్చారా? ఏమైనా అడిగారా? ఉస్తాద్ వాళ్ల ఆఫీసు వైపు వెళుతుంటారా? దుకాణం కొన్నాళ్లు మూసేసి మీ ఇద్దరూ కాప్రా వెళ్లి ఉంటే మేలు కదా. తప్పకుండా జవాబు రాయి.

సదాశివ


సికింద్రాబాదు
20 జూలై 1948

తమ్ముడికి,

నీ ఉత్తరంలో నా క్షేమం కన్నా రజాకార్ల క్షేమమే ఎక్కువ అడిగావు. వాళ్లు బాగానే ఉన్నారు. మాకే ఉప్పు దొరకడం లేదు, గోధుమపిండి మొహం చూసి నెల అయింది. గల్లీలో రోజుకో ఇల్లు తాళం పడుతోంది. ఈ గడపకు రజాకార్లంటే భయం, పక్క గడపకు రేపు వచ్చే యూనియన్ సైన్యమంటే భయం.

ఒక సంగతి నా మనసును తొలుస్తోంది. పోయిన వారం అబ్బాజాన్ స్టేషన్ వైపు వెళ్లి వచ్చారు. దారిలో రజాకార్ల ఆఫీసు మీద కట్టిన బట్ట బోర్డు కింద ఆగి చాలాసేపు చూస్తూ నిలబడ్డారట, దేవసహాయం మామ చూశాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఏమైందని అడిగితే ఎండ అన్నారు. ఆ బోర్డు ఎవరు రాశారని అడిగాను. "బాగ రాసిండు. చెయ్యి తిరిగినోడే" అన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నేను ఆ బోర్డు చూడలేదు, ఆ వీధిలోకి ఆడవాళ్లం పోవడం లేదు. చెయ్యి తిరిగినవాడు ఈ ఊళ్లో ఎవడున్నాడు చెప్పు? రోజూ పొద్దున్నే నీ అడవి తెర ముందు కూర్చుంటారు. ఒక ఆకు వేసి, చెరిపి, లేచిపోతారు.

జైతున్


బెజవాడ
17 ఆగస్టు 1948

అక్కా,

ఉస్తాద్‌ను ఆ బోర్డు వైపు వెళ్లనివ్వకు. పాత బట్ట ముక్క, వానకు అదే పోతుంది. దాని గురించి ఆయన్ను మళ్లీ అడగకు, ఎవరితోనూ మాట్లాడకు.

కంపెనీవాళ్లు నా మీదే నాటకం ఆడుతున్నారు. అందులో నా వేషం వేసినవాడు రజాకార్ల ముందు కుంచె విరిచి పారేస్తాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నాకు పూలదండ వేశారు. నేను తెర వెనక నిలబడి ఉండగా ఒకావిడ వచ్చి నా కాళ్లకు దండం పెట్టబోయింది, పారిపోయాను.

ఎక్కువ రాయలేకపోతున్నాను. పని ఉంది.

సదాశివ


సికింద్రాబాదు
12 అక్టోబరు 1948

సదాశివా,

ఈ ఉత్తరం చదివిన వెంటనే చెయ్యాల్సిన పని ఒకటుంది. అందుకే అన్నీ వరసగా రాస్తున్నాను.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చిన సంగతి నీకు తెలుసు. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. వీరయ్య హార్మోనియం బయట పెట్టుకుని పాడాడు, గల్లీలో మిఠాయి పంచారు, మాకూ ఇచ్చారు. పీడ వదిలిందని మేమూ అనుకున్నాం. తరువాత ఎవరెవరు రజాకార్లకు పనిచేశారో అని జాబితాలు మొదలయ్యాయి. ఆ ఆఫీసు నుంచి తెచ్చిన సామానులో ఆ బట్ట బోర్డు ఉంది. దాని మూలన మల్లెపువ్వు ఉందట.

సిపాయిలు వీరయ్యను పిలిచి ఈ గుర్తు ఎవరిదని అడిగారు. అబ్బాజాన్ పేరే చెప్పాడు, చాంద్‌పాషా ఉస్తాద్‌దని. ఆయన అబద్ధం చెప్పలేదు, ఈ బజారులో ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఇప్పుడు మా గుమ్మం ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. "ఆయన ఇసొంటి పని చేస్తడని నాకేం ఎరుకమ్మా, అడిగిన్రు, చెప్పిన" అంటున్నాడు.

అబ్బాజాన్‌ను తీసుకుపోయి ఎనిమిది రోజులైంది. నువ్వే రాశావా అని అడిగితే "గుర్తు నాదే" అన్నారట. ఇంకో మాట మాట్లాడరు. నాకు పిచ్చెక్కుతోంది. నేను కళ్లారా చూశాను, ఆయన రెండుసార్లు కాదన్నారు. నువ్వూ చూశావు. కూతురు సాక్ష్యం ఎవరూ నమ్మరు. నువ్వు చెబితే నమ్ముతారు. రజాకార్లను ఆయన కాదన్నారని, ఆ బోర్డు ఆయన రాయలేదని నీ సంతకంతో, విచారణ చేసే ఆఫీసరుకు ఒక కాగితం రాసి పంపు. నీకు చేతులెత్తి మొక్కుతున్నాను.

జైతున్


బెజవాడ
3 నవంబరు 1948

అక్కా,

వార్త విని అమ్మ, నేను చాలా బాధపడ్డాం. ఆఫీసరుగారికి కాగితం రాసి ఇందులో పెట్టాను. ఉస్తాద్ ఉత్తముడనీ, ఎవరికీ హాని తలపెట్టేవారు కాదనీ, హిందువుల పిల్లలకు కూడా విద్య నేర్పారనీ రాశాను. కంపెనీ యజమానిగారి చేత కూడా సంతకం పెట్టించాను. ఆయన మాటకు ఇక్కడ విలువ ఉంది.

బోర్డు సంగతి నేను రాయలేదు. ఆ రోజుల్లో ఎప్పుడు ఏం జరిగిందో తేదీలతో సహా చెప్పాల్సి వస్తుంది. నాకు సరిగ్గా గుర్తు లేదు. పెద్దవాళ్లు విచారించి వదిలేస్తారు, ధైర్యంగా ఉండు.

సదాశివ


సికింద్రాబాదు
5 డిసెంబరు 1948

సదాశివకు,

నీ కాగితం అందింది. ఉత్తముడు అని రాశావు. ఆఫీసరు చదివి బల్ల మీద పక్కకు పెట్టాడు.

నిన్న అబ్బాజాన్‌కు రొట్టెలు తీసుకుపోయాను. ఆయన చలిజ్వరంతో వణుకుతున్నారు. కుడి చేతి వేళ్లు వాచి ముడుచుకుపోయాయి, రొట్టె తుంచలేకపోతే నేనే తినిపించాను. అప్పుడే ఆఫీసరు ఆ బట్ట తెప్పించి నా ముందు పరిపించాడు. "మీ అయ్య రాసిందేనా, చూసి చెప్పు" అన్నాడు.

చూశాను సదాశివా. అక్షరాలు చూడలేదు, నాకు ఉర్దూ చదవడం రాదు. తిన్నగా మూల చూశాను. అయిదు రేకులూ ఎడమకు వాలి ఉన్నాయి.

నోరు తెరవబోయి అబ్బాజాన్ వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయనకు తెలుసు. జూలైలో ఎండకు నిలబడి చూసిన రోజు నుంచీ తెలుసు. అప్పుడర్థమైంది నాకు, ఆయన అన్నం ఎందుకు ముట్టలేదో. ఎవరికీ వినపడకుండా అడిగాను, ఎందుకు చెప్పరని. "మన దుకాణం గుర్తు పెట్టిండంటే అది నా పనే బేటీ. మెప్పొస్తే నాది, తప్పొస్తే వానిదా?" అన్నారు. నా చేత ఒట్టు వేయించుకున్నారు, ఆఫీసరుకు నీ పేరు చెప్పనని.

అందుకని చెప్పను. నీకు మాత్రం చెబుతున్నాను. మేము కాప్రాలో మట్టి తవ్వుకుంటున్న మూడు రోజుల్లో నువ్వు మా దుకాణంలో కూర్చుని ఆ బోర్డు రాశావు. మా అయ్య కాదన్న పనిని మా అయ్య గుర్తుతో చేశావు. ఆ సంగతి తెలిసే ప్రతి ఉత్తరంలోనూ నన్ను ఆరా తీశావు, తెలిసే బోర్డు జోలికి పోవద్దన్నావు, తెలిసే ఉత్తముడని కాగితం రాశావు. అక్కడ నీకు దండలు పడుతున్నాయి, ఇక్కడ ఆయన వేళ్లు ముడుచుకుపోతున్నాయి.

నీ చేత అక్క అని పిలిపించుకున్నందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఈ ఉత్తరానికి కాగితంతో జవాబు అక్కరలేదు.

జైతున్ బీ


బెజవాడ
23 జనవరి 1949

జైతున్ అక్కకు,

అలా పిలిచే హక్కు పోయిందని తెలుసు. ఇంకోలా పిలవడం నాకు చేతకాదు.

నువ్వు రాసిందంతా నిజం. మీరు కాప్రా వెళ్లిన రెండో రోజు పొద్దున్నే ముగ్గురు వచ్చారు. ఉస్తాద్ లేరన్నాను. "నువ్వు ఉన్నవ్ గద. నీ ఉర్దూ రాత మాకు ఎరుకే. సాయంత్రం లోపల కావాలె. లేకుంటే మీ అమ్మ రైలు ఎక్కది" అన్నారు. అమ్మను బెజవాడ పంపాలని టిక్కెట్టు తీసిన సంగతి వాళ్లకెలా తెలిసిందో నాకు తెలియదు. భయంతో రాశాను. ఇంతవరకు చెబితే నాటకంలో నా వేషం లాగే ఉంటుంది. మిగతాది ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

భయంతో రాసేవాడి చెయ్యి వణకాలి. నా చెయ్యి వణకలేదు. మొదటి అక్షరం పడేదాకే భయం, తరువాత అది మంచి బట్ట, మంచి నల్లరంగు, అంతే. అంత పెద్ద అక్షరాలు నేనెప్పుడూ రాయలేదు. వంపు తిరిగిన ప్రతిచోటా నాకు సంతోషం వేసింది. అయిపోయాక అలవాటు చొప్పున కింద మూలన మల్లె వేశాను. పని ముగిస్తే పువ్వు వేయాలి, పదకొండేళ్లుగా అదే కదా. వాళ్లలో ఒకడు చూసి వాహ్వా అన్నాడు. సిగ్గు లేకుండా నా ఒళ్లు పొంగింది. వాళ్లు బట్ట చుట్టుకుని పోయాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. మీరు తిరిగొచ్చే వేళకు మొహం చూపించలేక మూట కట్టాను.

నీ ఉత్తరం నెలన్నర జేబులో పెట్టుకు తిరిగాను. చచ్చిపోదామా అనుకున్నాను, అదీ చేతకాలేదు. అమ్మకు చదివి వినిపించాను. "ఆ ఇంట్ల పదకొండేండ్లు బువ్వ తిన్నవురా. నన్ను చూస్కునేటోళ్లు ఉన్నరు, నువ్వు పో" అంది. మొన్న నాటకం అయిపోయి దండ వెయ్యబోతుంటే చేత్తో ఆపి, రంగస్థలం మీదే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముందు నవ్వారు, నాటకంలో భాగమనుకున్నారు. తరువాత రాళ్లు పడ్డాయి. కంపెనీ నుంచి తీసేశారు. మేలు చేశారు.

ఆఫీసరుకు కాగితం పంపడం లేదు, కాగితం వద్దన్నావు కదా. ఈ ఉత్తరం తెచ్చే బండి వెనకే ఇంకో బండిలో నేనూ వస్తున్నాను. తిన్నగా ఆఫీసరు దగ్గరికే పోతాను. ముందు దుకాణానికి వస్తే నిన్ను చూసి మళ్లీ పిరికివాణ్నవుతానేమోనని భయం.

సదాశివ


సికింద్రాబాదు నుంచి సికింద్రాబాదుకే
13 మార్చి 1949

సదాశివకు,

నువ్వున్న లాకప్పుకూ మా గుమ్మానికీ మధ్య రెండు మైళ్లు. ఇంత దగ్గరికి ఉత్తరం రాయడం నాకు ఇదే మొదలు. రొట్టెల మధ్య పెట్టి పంపుతున్నాను, చూసి తిను.

ఆ రోజు నువ్వు ఆఫీసరు ముందు నిలబడ్డప్పుడు నేను వాకిట్లోనే ఉన్నాను. నేను రాశానని నువ్వు, కాదు నేనే రాశానని అబ్బాజాన్. ఇద్దరిలో ఎవరు అబద్ధమాడుతున్నారో తెలియక ఆఫీసరు బల్ల గుద్దాడు. ఇద్దరికీ చెరో సుద్దముక్క ఇచ్చి గోడ మీద పువ్వు వేయమన్నాడు. అబ్బాజాన్ వేళ్ల మధ్య సుద్దముక్క నిలవలేదు, జారి కింద పడింది. నువ్వు ఎడమ చేత్తో వేశావు. బట్ట మీద పువ్వు, గోడ మీద పువ్వు పక్కపక్కన చూసి ఆఫీసరు కాగితం మీద నీ పేరు రాసుకున్నాడు. నా కళ్లకు నీళ్లొచ్చాయి, ఎవరి కోసమో చెప్పలేను.

అబ్బాజాన్ ఇంటికొచ్చి నెల దాటింది. విచారణ అయ్యేదాకా నిన్ను ఉంచుతారట. బెదిరించి రాయించారని నీ మాట నమ్ముతున్నారట, త్వరలోనే వదులుతారని దేవసహాయం మామ అన్నాడు. అబ్బాజాన్ అసలు రాయనే లేదన్న నా మాట నాలుగు నెలలు ఎవరూ నమ్మలేదు. ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అది నీ తప్పు కాదు. కానీ నాకు కోపం ఉంది.

ఆయన చెయ్యి బాగుపడలేదు. గ్లాసు పట్టుకుంటారు, కుంచె పట్టుకోలేరు. ఒక రోజు అడిగాను, వాడు రాకపోయి ఉంటే ఏం చేసేవారని. "వస్తడని రోజు తలుపు దిక్కే చూసిన" అన్నారు. ఇంటికొచ్చాక నిన్నటిదాకా ఆయన నోట నీ గురించి వచ్చిన మాట అదొక్కటే.

ఈ రోజు నుమాయిష్ జరిగింది. మునుపటి కన్నా తాళ్లు తక్కువ, తాళం పడ్డ ఇళ్లు ఎక్కువ. వీరయ్య తానే నిచ్చెన ఎక్కి మొదటి తాడు కట్టాడు. అబ్బాజాన్ నీ అడవి తెర తెప్పించి అందరికీ ఎదురుగా కట్టించారు. సగం అడవి, సగం ఉత్త మట్టి పూత. చూసినవాళ్లు నవ్వారు. అబ్బాజాన్ అరుగు మీద నిలబడ్డారు. నవ్వులు ఆగాయి.

"ఈ తెర నాది కాదు. సదాశివది" అన్నారు. "మూలన గుర్తు లేదు, చూసిన్రా? ఇన్నేండ్లు నా గుర్తు కింద దాగిండు. అందుకే వానికి గిట్ల అయింది, నాకు గిట్ల అయింది. పోయినేడే ఇయ్యాల్సింది, నేనే ఆలస్యం జేసిన. ఇయ్యాల ఇస్తున్న. మల్లెపువ్వే, రేకులు ఎడమకు వాలాలె. ఇగ ఏం రాసినా వాని పేరు మీదనే పోతది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నీ పేరు ఎత్తితే ఉమ్మేసేవాళ్లు ఆ గుంపులో ఉన్నారు, మా పేరు ఎత్తితే ఉమ్మేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్కరూ కదిలిపోలేదు.

ఆయన నిన్ను క్షమించారో లేదో నాకు తెలియదు. నేనింకా క్షమించలేదు, అడగకు కూడా. రేపటి నుంచి ఆ తెర నేనే వేయబోతున్నాను. ఇంట్లో కుంచె పట్టగల చెయ్యి ఇప్పుడు నాదొక్కటే. రంగులు నూరడమే నా పని అన్నవాళ్లు ఇప్పుడు ఏమీ అనలేరు. నువ్వు వచ్చేసరికి అడవంతా అయిపోయి నీకు ఒక్క చెట్టూ మిగలకపోతే నన్ను అనకు.

కింద మూల మాత్రం ఖాళీగా ఉంచుతాను. అక్కడ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను.

అక్క
జైతున్